పితృత్వ నిర్ణయము

నన్నయభట్టారకుడు తెనిగించిన శకుంతలోపాఖ్యానములో ఉంగరము లేదు, దుర్వాసుని శాపమును లేదు. అవి కాళిదాసు నాటకములోనివి. భారత కథలోని దుష్యంతుడు దేనిని మఱచినవాడు కాడు. కణ్వాశ్రమమున తాను గాంధర్వ విధిని చేపట్టిన భార్య, కొడుకును వెంటబెట్టుకొని నిండుసభలో నిలిచినప్పుడు, ఆతడు తెలిసియుండియు నిన్నెఱుగనని పలికెను. ఆమె చెప్పవలసిన ధర్మమంతయు చెప్పి, నిరాశతో మరలబోవు వేళ అశరీరవాణి వినబడి, ఈ బాలుడు నీ కుమారుడేయని సభ్యులందఱును వినునట్లు ప్రకటించినది. అటుపిమ్మట రాజు చెప్పుకొన్న సమాధానమే ఈ అధ్యాయమునకు మూలము: తమ యిద్దఱికే తెలిసిన సంగతిని తన మాట మాత్రముచే లోకము నమ్మదనియు, పదిమంది యెదుట నిర్ధారణ కావలెననియే తాను ఎఱుగనట్లు పలికితిననియు ఆతడు విన్నవించెను.

భార్యకు జరిగిన అవమానమును ఆ సమాధానము మాపజాలదు. కాని మనము సాధారణముగా కలిపి చూచు రెండు విషయములను అది విడదీసి చూపుచున్నది. శిశువు ఎవని బీజమువలన జన్మించెనన్నది ప్రకృతికి సంబంధించిన ప్రశ్న. శిశువు ఎవని బిడ్డగా లోకమున నిలుచును, ఎవని చేతి అన్నము తినును, ఎవని ఆస్తికి దాయాది యగునన్నది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న. మొదటి ప్రశ్నకు సమాధానము వెదకుటలో విజ్ఞానశాస్త్రము గడచిన నూఱు సంవత్సరములలో అశరీరవాణికి దీటైన సాధనమును సంపాదించినది. అయితే ఆ వాణిని పిలుచు అధికారమెవ్వరిది, ఎవరి మేలు కొఱకు పిలువవలెను అను రెండవ విచారము నేటికిని న్యాయస్థానములలో సాగుచునే యున్నది. ఆ విచారమునకు కేంద్రము భర్తయు కాదు, భార్యయు కాదు, నోరులేని శిశువేయని నిరూపించుటయే నా యుద్దేశము.

ప్రత్యక్షము, అనుమానము

మన తార్కికులు ప్రమాణములను వింగడించునప్పుడు ప్రత్యక్షమును మొదట పెట్టి, అనుమానమును దాని వెనుక నిలిపిరి. మాతృత్వము ప్రత్యక్షసిద్ధము: మంత్రసాని చూచినది, ఇరుగుపొరుగు వారు చూచిరి. పితృత్వమన్ననో, పొగను చూచి నిప్పును ఊహించినట్లు, దాంపత్యమును చూచి ఊహింపవలసినది. రోమక న్యాయవేత్తలు కూడ తల్లి ఎప్పుడును నిశ్చితురాలేయనియు, వివాహము ఎవనిని చూపునో వాడే తండ్రియనియు సూత్రీకరించిరి.

మన ధర్మశాస్త్రకారులు ఈ చిక్కును ఇంకను లోతుగా తడవిరి. విత్తు ఒకనిది, చేను మఱొకనిదైనప్పుడు పంట ఎవరిదను కర్షకుని ప్రశ్నను మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయములో సంతానమునకు అన్వయించి చర్చించినారు. ఔరసుడు, క్షేత్రజుడు, దత్తుడు, గూఢోత్పన్నుడు, కానీనుడు, సహోఢుడు మున్నగు పండ్రెండు విధములైన పుత్రులను అచ్చట లెక్కించిరి. పెండ్లి నాటికే తల్లి గర్భమున నున్న సహోఢుడు, ఆమెను పెండ్లాడినవానికి కొడుకగును. పుట్టుక రహస్యమైన గూఢోత్పన్నుడు, ఎవని యింట పుట్టెనో వానికే కొడుకగును. ఈ వర్గీకరణములోని తరతమ భేదములు, ఆనాటి కులస్త్రీధర్మముల కాఠిన్యము నేటి మనస్సునకు రుచింపవు. కాని ఇల్లులేని శిశువు ఉండరాదను ఒక్క ఆరాటము ఆ జాబితా వెనుక స్పష్టముగా కనబడును. పాండవులు పాండురాజు బీజమువలన పుట్టినవారు కారని లోకమెల్ల నెఱుగును. అయినను పాండవులను పేరు వారినుండి తొలగలేదు. పెండ్లికి పూర్వము పుట్టి, నీటిపాలై, సూతుని యింట పెరిగిన కర్ణుడు, తండ్రి సూర్యుడే యైనను, నిండుసభలో కులమడిగినప్పుడు తల వంచవలసివచ్చెను. బీజము ఎంత గొప్పదైనను, లోకము ఎదుట నాదియని చెప్పు గొంతు లేనప్పుడు శిశువు గతి యేమగునో చూపుటకు కర్ణుని కథను మించిన దృష్టాంతము లేదు.

280 దినములు

ఆంగ్లేయ ప్రభుత్వము 1872లో చేసిన భారత సాక్ష్య చట్టము తన 112వ విభాగములో ఈ ప్రాచీన న్యాయమునే కొత్త మాటలలో కూర్చినది. చట్టబద్ధమైన వివాహము కొనసాగుచుండగా పుట్టిన శిశువైనను, ఆ వివాహము రద్దయిన తరువాత తల్లి తిరిగి పెండ్లాడక యుండగా 280 దినములలోపల పుట్టిన శిశువైనను, ఆ భర్తకు ధర్మ్య సంతానమేయనుటకు ఆ జననమే నిశ్చయ సాక్ష్యము. దీనికి ఒక్కటే మినహాయింపు: గర్భము నిలిచియుండదగిన కాలమున ఆ దంపతులకు సమాగమావకాశమే లేకుండెనని రుజువు కావలెను. ఆ చట్టము స్థానమున 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము, 116వ విభాగములో, ఇదే నియమమును నిలిపికొన్నది. పాత వాక్యములో పుత్రుడని యున్న చోట సంతానమని మార్చినది.

280 దినములను లెక్క ఎచ్చటిదని పాఠకుడు అడుగవచ్చును. కడపటి ఋతుస్రావపు మొదటి దినము నుండి ప్రసవము వఱకు వైద్యులు సగటున లెక్కించు నలువది వారములే అవి. గర్భధారణము సాధారణముగా ఆ తరువాత రెండు వారములకు జరుగును గనుక, నిజమైన గర్భకాలము సుమారు 266 దినములే. అనగా చట్టము శిశువునకు అనుకూలముగా కొంత గడువును కలిపియే గీత గీసినదన్నమాట.

ఈ విభాగములో రెండు పదములు బరువైనవి. నిశ్చయ సాక్ష్యమనగా, మూలవిషయము రుజువైన పిమ్మట దానిని ఖండించు సాక్ష్యమును న్యాయస్థానము స్వీకరింపజాలదని అర్థము. సమాగమావకాశమనగా, వాస్తవముగా కలిసియుండిరా యను ప్రశ్న కాదు, కలిసికొనుటకు వీలుండెనా యను ప్రశ్న. 1954లో ఒక తెలుగు కుటుంబపు వివాదము సుప్రీంకోర్టునకు చేరినప్పుడు, ధర్మాసనము ఈ అర్థమునే స్థిరపఱచి, ఈ పూర్వానుమానము అటునిటు ఊగు సంభావ్యతలచే తొలగునది కాదని తీర్పు చెప్పినది. భర్త ఆ కాలమంతయు సముద్రాంతరమున నుండెననియో, కారాగారమున బంధితుడై యుండెననియో తిరుగులేని సాక్ష్యముతో చూపవలెనే గాని, భార్య శీలమును శంకించినంత మాత్రమున బిడ్డకు తండ్రి లేకపోడు.

రక్తము పలికిన సాక్ష్యము

ఈ చట్టము పుట్టిననాటికి ప్రయోగశాల నోరు విప్పలేదు. 1900 ప్రాంతమున వియన్నా నగరములో కార్ల్ లాండ్‌స్టైనర్ మానవ రక్తములో వర్గభేదములను కనుగొనెను. ఈ వర్గములు తల్లిదండ్రులనుండి నియమబద్ధముగా సంక్రమించునని తరువాతి రెండు మూడు దశాబ్దములలో తేటపడెను. ఆ నియమమునుండి ఒక న్యాయోపయోగము పుట్టినది. తల్లి రక్తము ఎ వర్గము, బిడ్డ రక్తము బి వర్గము అనుకొందము. తల్లి ఈయలేని ఆ బి లక్షణము తండ్రినుండియే రావలెను. నిందితుడు ఓ వర్గమువాడైనచో వానియొద్ద ఎ లక్షణము గాని, బి లక్షణము గాని లేదు; కావున ఆ శిశువునకు వాడు తండ్రి కాజాలడు.

ఈ ఉదాహరణము నేను కల్పించినది కాదు. లోకప్రసిద్ధ హాస్యనటుడు చార్లీ చాప్లిన్ పై కాలిఫోర్నియాలో నడచిన పితృత్వ వ్యాజ్యములో తల్లి, బిడ్డ, చాప్లిన్‌ల రక్తవర్గములు వరుసగా ఇవియే. వైద్యులు ముగ్గురును ఆతడు తండ్రి కాడని తేల్చిరి. అయినను 1945లో జ్యూరీ ఆతనినే తండ్రిగా నిర్ణయించినది. పై న్యాయస్థానమును 1946లో ఆ నిర్ణయమును నిలిపినది. రక్తపరీక్ష ఆనాటి కాలిఫోర్నియా న్యాయమున పలు సాక్ష్యములలో ఒకటి మాత్రమే. ఆ తీర్పు రేపిన విమర్శల పిమ్మట 1953లో ఆ రాష్ట్రము రక్తపరీక్షకు ప్రాబల్యము నిచ్చు చట్టమును చేసికొన్నది.

కాని రక్తవర్గమునకు ఒక పరిమితి కలదు. అది కాదని చెప్పగలదే గాని ఔనని చెప్పలేదు. బిడ్డకు సరిపడు బి వర్గము ఊరిలో వేలమందికి ఉండును; వారందఱును తండ్రులు కారు గదా.

రెండు పేరుల హారము

ఔనని చెప్పగల సాధనము 1984 సెప్టెంబరు 10వ తేదీన ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయములో దొరికినది. ఆ యుదయమున అలెక్ జెఫ్రీస్ ఎక్స్‌రే ఫలకముపై వరుసదీఱిన నల్లని చారలను చూచి, అవి మనిషి మనిషికి భిన్నములనియు, బిడ్డ చారలు తల్లిదండ్రుల చారలనుండియే కూడినవనియు గ్రహించెను. మరుసటి సంవత్సరమే, ఘానా దేశమునుండి వచ్చిన ఒక బాలుడు తల్లి కొడుకేనా యను వలస వివాదములో ఈ పరీక్ష ఆ బాలుని తల్లియొద్దకు చేర్చినది. ఈ విద్య తొలిసారి న్యాయమునకు చేసిన సేవ ఒక శిశువును తల్లి ఒడికి చేర్చుటయే యని జ్ఞాపకముంచుకొనదగును.

మన దేశమున ఈ విద్యకు పుట్టినిల్లు హైదరాబాదు. అచ్చటి కణ, అణు జీవశాస్త్ర కేంద్రములో లాల్జీ సింగ్, కట్లపాముల జాతికి చెందిన ఒక సర్పము డి.ఎన్.ఏ. నుండి గ్రహించిన శోధకమును మానవుల గుర్తింపునకు వినియోగించెను. 1980ల చివరను కేరళలోని తలశ్శేరి న్యాయస్థానమున నడచిన ఒక పితృత్వ వివాదము ఈ ప్రయోగశాల సాక్ష్యముతోనే తీరినది; ఈ దేశపు న్యాయస్థానములలో డి.ఎన్.ఏ. పలికిన మొదటి పలుకులలో అది యొకటి. ఈ పనికే ప్రత్యేకముగా డి.ఎన్.ఏ. వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రమును అనంతరము ఆ నగరముననే నెలకొల్పిరి.

నేటి పరీక్షా విధానమును ఒక పోలికతో చెప్పుదును. ప్రతి మనిషి మెడలోను రెండు పేరుల హారమున్నదని ఊహింపుడు. ఒక పేరు తల్లి గ్రుచ్చినది, రెండవది తండ్రి గ్రుచ్చినది. ఆ పేరులలో అక్కడక్కడ ఒకే రకపు పూస వరుసగా పలుమారులు గ్రుచ్చబడియుండును. ఎన్నిమారులను సంఖ్య మాత్రము మనిషి మనిషికి మాఱును. ఒకానొక తావున బిడ్డ పేరులలో 12, 15 పూసలున్నవనియు, తల్లికి అదే తావున 9, 12 ఉన్నవనియు అనుకొందము. 12 తల్లినుండి వచ్చినది; 15 తండ్రినుండి రావలెను. పరీక్షింపబడు పురుషునకు 15 లేనిచో సందేహము, ఉన్నచో సంభావ్యత. ఇట్లు పదునైదు, ఇరువది తావులను పరిశీలింతురు.

ఇందు రెండు సూక్ష్మములు గలవు. గ్రుచ్చునప్పుడు అరుదుగా ఒక పూస హెచ్చుతగ్గు కావచ్చును. కావున ఒక్క తావున పొసగకున్నంత మాత్రమున తండ్రి కాడని తేల్చరు, పలుతావుల పొసగనప్పుడే తేల్తురు. రెండవది, ఔనని చెప్పునప్పుడు ప్రయోగశాల చెప్పునది 99.99 శాతము వంటి ఒక సంభావ్యతా సంఖ్యయే; అన్ని పేరులును సమానములైన సమరూప కవలలలో తండ్రి ఎవడో ఈ సాధారణ పరీక్ష చెప్పలేదు; సన్నిహిత బంధువులున్నచోట మరింత జాగరూకత కావలెను. ఇంత చెప్పినను, మానవుడు కనిపెట్టిన సాక్ష్యములలో ఇంతటి బలవంతమైనది మఱియొకటి లేదు.

ధర్మాసనము ఎదుట రెండు సత్యములు

1872 నాటి నిశ్చయ సాక్ష్యమును, 1984 నాటి చారలును ఎదురుబడినప్పుడు సంఘర్షణము తప్పదు. 1993లో సుప్రీంకోర్టు, రక్తపరీక్షను మామూలుగా ఆదేశింపరాదనియు, సమాగమావకాశము లేదని భర్త ముందుగా బలమైన ఆధారము చూపవలెననియు, ఆ పరీక్ష ఫలితమువలన తల్లికి, బిడ్డకు కలుగు పర్యవసానమును తూచవలెననియు నియమించినది. 2001లో ఇంకొక అడుగు వేసి, గర్భధారణ కాలమున దంపతులు కలిసియున్నట్లు తేలినచో డి.ఎన్.ఏ. ఫలితము సైతము ఆ నిశ్చయ సాక్ష్యమును చెఱుపజాలదన్నది.

2014లో తూకము మఱొక వైపునకు మొగ్గినది. మహారాష్ట్రకు చెందిన ఒక భరణ వివాదములో ఒకసారి చేసిన పరీక్షను, రెండవసారి హైదరాబాదు ప్రయోగశాలలో చేసిన పరీక్షను భర్త తండ్రి కాడనియే చెప్పగా, పూర్వానుమానమునకును, లోకమంతయు సరియని యంగీకరించిన శాస్త్రీయ సాక్ష్యమునకును వైరుధ్యము వచ్చినప్పుడు సాక్ష్యమే నిలువవలెనని ధర్మాసనము తీర్మానించినది. అయితే అంతవఱకు చెల్లించిన భరణమును తిరిగి వసూలు చేయరాదన్నది. పరీక్షలు జరిగి ఫలితము చేతికి వచ్చినపిమ్మట కన్నులు మూసికొనుట న్యాయము కాదనుటయే ఆ తీర్పు సారము. పరీక్షను ఎప్పుడు ఆదేశింపవలెనను ప్రశ్న మాత్రము మిగిలియే యుండెను.

ఆ ప్రశ్నకు 2023 ఫిబ్రవరిలో న్యాయమూర్తులు వి. రామసుబ్రమణియన్, బి.వి. నాగరత్న ఇచ్చిన తీర్పు నాకు మిక్కిలి మాననీయముగా తోచును. భార్య వ్యభిచారమును రుజువు చేసికొనుటకై భర్త బిడ్డ డి.ఎన్.ఏ. కోరెను. విడాకుల వ్యాజ్యమున బిడ్డ కక్షిదారు కాదు; ఆ బిడ్డ శరీరమును తల్లి తప్పునకు సాక్ష్యముగా వాడుకొనుట తగదు; భర్త తన ఆరోపణమును అన్య సాక్ష్యములతో నిరూపించుకొనవచ్చును; తన జన్మను కారణము లేకుండ శంకింపబడకుండుట బిడ్డకు హక్కు — ఇది ఆ తీర్పు తాత్పర్యము. తల్లిదండ్రుల కలహమున బిడ్డ పావు కాదని ఇంత స్పష్టముగా చెప్పుటకు మన న్యాయమునకు నూటయేబది సంవత్సరములు పట్టినది.

బిడ్డయే స్వయముగా సత్యమును కోరినచో నేమి? 2007 నుండి 2009 వఱకు ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా నుండిన నారాయణ్ దత్ తివారి తన తండ్రియని ఒక యువకుడు 2008లో ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యము వేసెను. ఆ యువకుడు పుట్టిననాటికి తల్లికి వేఱు భర్త గలడు. అయినను, కోరినవాడు వయోజనుడైన బిడ్డయే యని గమనించి న్యాయస్థానము పరీక్ష నాదేశించినది. తివారి చాలకాలము నిరాకరించి, తుదకు 2012లో రక్తమిచ్చెను. హైదరాబాదు కేంద్రము ఆతడే జన్మకారకుడని తేల్చెను. 2014లో ఆయన బహిరంగముగా కొడుకని అంగీకరించెను. ఇందుకు భిన్నముగా 2025 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళకు చెందిన యువకుడొకడు తల్లి భర్తను కాదని వేఱొకరిని తండ్రిగా నిరూపించుటకు చేసిన ప్రయత్నమును త్రోసిపుచ్చినది. దంపతులకు సమాగమావకాశము లేదని తేలనంతవఱకు ధర్మ్యత్వమే పితృత్వమును నిర్ణయించుననియు, అనుమానమును పట్టుకొని పరాయివాని ఏకాంతమును, తల్లి గౌరవమును బజారున పెట్టరాదనియు చెప్పినది. మూలమును తెలిసికొనవలెనను బిడ్డ తపన అల్పమైనది కాదు. దానికి తగిన ద్వారమును చట్టము ఇంకను పూర్తిగా తెఱువలేదనియే నేను భావింతును.

పేరు, అన్నము, ఆస్తి

వివాదము లేనిచోట పితృత్వము చడిచప్పుడు లేకుండ స్థిరపడును. వివాహమే మొదటి ఆధారము. తదుపరి జనన నమోదు, పాఠశాల పత్రములు, బంధువుల యెదుట బిడ్డను తనదిగా చెప్పుకొన్న నడవడి సాక్ష్యములగును. ముస్లిం ధర్మములో తండ్రి చేయు అంగీకారప్రకటనమునకే ప్రత్యేక స్థానమున్నది. దత్తత వలన రక్తసంబంధము లేని పితృత్వము పుట్టును. దాత బీజముతో వైద్యసహాయమున కన్న బిడ్డ, 2021 చట్టము ప్రకారము, ఆ బిడ్డను కోరిన దంపతులకే సొంత బిడ్డ. దాతకు హక్కు లేదు, బాధ్యతయు లేదు. ఇచ్చట చట్టము తెలిసియే బీజమును ప్రక్కకు పెట్టినది. వివాదమున్నచో కుటుంబ న్యాయస్థానము ఒకరి ధర్మ్యత్వమును ప్రకటించు అధికారము గలది.

ఏ వైపు తేలినను బిడ్డ కడుపు మాడరాదను నియమము క్రమముగా బలపడినది. వివాహేతర సంతానమునకును తండ్రి భరణమీయవలెను. చెల్లని వివాహమున పుట్టిన బిడ్డ ధర్మ్యుడేయని హిందూ వివాహ చట్టము 16వ విభాగము చెప్పును. తండ్రి వాటాగా రాదగిన ఆస్తిలో ఆ బిడ్డకు భాగమున్నదని సుప్రీంకోర్టు 2023లో విశదపఱచినది. అవివాహిత తల్లి, తండ్రి పేరు బయలుపెట్టకయే బిడ్డకు సంరక్షకురాలు కావచ్చునని 2015లో తీర్పు వచ్చినది. మన తెలుగు నేలనుండి వెళ్లిన ఒక వివాదమున, భర్త గతించి మరల పెండ్లాడిన తల్లి బిడ్డ ఇంటిపేరును తాను నిర్ణయింపవచ్చుననియు, పత్రములలో కొత్త భర్తను మారుతండ్రిగా వ్రాయుమనుట ఆ బిడ్డ మనస్సును నొప్పించు క్రూరకార్యమనియు 2022లో సుప్రీంకోర్టు ఆర్ద్రముగా పలికినది.

ఇట్లు చూడగా, విజ్ఞానము చూపు తండ్రికిని, చట్టము నిలుపు తండ్రికిని నడుమనున్న ఎడము, అజ్ఞానమువలన మిగిలిన లోపము మాత్రమే కాదని తెలియుచున్నది. పూసల లెక్క సత్యమే. ఆ సత్యమును దాచుట ఎల్లప్పుడును ధర్మము కాదు. కాని లెక్క తేలినపిమ్మట బిడ్డను ఎవరు పెంతురను ప్రశ్నకు పూసలయందు సమాధానము లేదు.

దుష్యంతుని సభకు మరల పోదము. అశరీరవాణి ఈతడు నీ కుమారుడని చెప్పి యూరకుండలేదు; ఈతనిని భరింపుమని కూడ చెప్పినది. భారత కథ ప్రకారము ఆ బాలునకు భరతుడను పేరు వచ్చినది ఆ రెండవ మాటనుండియే. బీజమునుగూర్చిన వాక్యమునుండి కాక, భరణమునుగూర్చిన వాక్యమునుండి పుట్టిన ఆ పేరునే మనము ఈ దేశమునకు పెట్టుకొంటిమి.